లిథియం బ్యాటరీ కొనే ముందు ఎన్ని ఆంప్స్ కావాలో ఎలా తేల్చుకోవాలి?

లిథియం సెల్ కొనేటప్పుడు చాలామంది కళ్లు ఎంఏహెచ్ (మిల్లీఆంప్-అవర్, అంటే కెపాసిటీ) అంకె మీదే పడతాయి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఆ అంకె చెబుతుంది. ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదో మాత్రం చెప్పదు. ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో విషయంలోనే.

ముందు మీ పరికరం లాగే కరెంటు లెక్క కట్టండి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. అయితే ప్యాక్ మీద రాసి ఉన్న వోల్టేజీతో భాగించకండి. కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని పరికరానికి కావాల్సిన వోల్టేజీకి మార్చే సర్క్యూట్) మీద నడిచే లోడుకు ఎప్పుడూ అవే వాట్లు కావాలి. కాబట్టి బ్యాటరీ దిగేకొద్దీ అది లాగే కరెంటు పెరుగుతుంది.

100 వాట్ల లోడు, సిరీస్‌లో మూడు సెల్స్ అనుకుందాం. ఫుల్ ఛార్జ్‌లో 12.6 వోల్టులు ఉంటాయి, అప్పుడు దాదాపు 8 ఆంప్స్ చాలు. ఒక్కో సెల్ 3 వోల్టులకు దిగితే మొత్తం 9 వోల్టులే, కరెంటు 11 ఆంప్స్ దాటుతుంది. కన్వర్టర్‌లో పది శాతం నష్టం కూడా కలిపితే 12.3 అవుతుంది. నేనైతే ఇంకో పావు వంతు కలిపి, 15 ఆంప్స్ ఇచ్చే సెల్ కోసం వెతుకుతాను.

మోటారు ఉంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. స్టార్ట్ అయ్యే క్షణంలోనూ, ఇరుక్కుపోయినప్పుడూ అది మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. 12 వోల్టుల డీసీ మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ 0.4 ఓమ్ ఉంటే, ఆ క్షణంలో 30 ఆంప్స్ దాకా పోవచ్చు. మామూలు మల్టీమీటర్‌కు ఆ పీక్ అందదు.

ఇప్పుడు డేటాషీట్ (సెల్ వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రం) తెరవండి. కంటిన్యుయస్ డిశ్చార్జ్ (ఆగకుండా ఇవ్వగల కరెంటు), పల్స్ డిశ్చార్జ్ (కొన్ని సెకన్లు మాత్రమే ఇవ్వగల కరెంటు) అని రెండు ఉంటాయి. పల్స్ అంకె పక్కన ఎన్ని సెకన్లో రాసి లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సి-రేటు (కరెంటు కెపాసిటీకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఇస్తే కెపాసిటీతో గుణించండి: 2.5 ఏహెచ్ (2500 ఎంఏహెచ్) సెల్‌కు 2సి అంటే 5 ఆంప్స్.

రెండు 18650 సెల్స్ (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవుండే గుండ్రటి సెల్స్) పక్కపక్కన పెట్టి చూడండి. శామ్‌సంగ్ 35ఇ కెపాసిటీ 3500 ఎంఏహెచ్, కంటిన్యుయస్‌గా ఇచ్చేది 8 ఆంప్స్. 25ఆర్ కెపాసిటీ 2500 మాత్రమే, కానీ 20 ఆంప్స్ ఇస్తుంది. మన 15 ఆంప్స్‌కు 25ఆర్ అయితే మూడు సిరీస్‌లో చాలు, పావుగంట వరకు నడుస్తుంది. 35ఇ వాడాలంటే ప్యారలల్‌లో రెండేసి, మొత్తం ఆరు కావాలి. అప్పుడు నలభై నిమిషాల దాకా వస్తుంది. బరువు, చోటు ఇబ్బంది కాకపోతే నా ఓటు ఈ ఆరు సెల్స్ ప్యాక్‌కే.

ఇంటర్నల్ రెసిస్టెన్స్ కూడా చూడండి. 20 మిల్లీఓమ్‌ల సెల్ నుంచి 12 ఆంప్స్ లాగితే 0.24 వోల్టు అక్కడే పడిపోతుంది, దాదాపు 3 వాట్లు సెల్ లోపలే వేడిగా మారుతుంది. చలిలో ఈ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది.

బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్), వైర్లు, కనెక్టర్లు కూడా అంత కరెంటు తట్టుకోవాలి. బీఎంఎస్ 10 ఆంప్స్‌కే కట్ చేసేదైతే ఎంత మంచి సెల్ కొన్నా ఫలితం ఉండదు.

అమ్మేవాళ్లను సెల్ మోడల్ నంబరు, డేటాషీట్ అడగండి. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే కొనకండి, ఆ సైజులో అంత పట్టదు. మొదట రెండు సెల్స్ మాత్రమే తెప్పించండి. డేటాషీట్ హద్దు దాటకుండా, మీ ప్యాక్‌లో ఒక్కో సెల్ వాటాకు వచ్చే కరెంటును దాని నుంచి లాగి, చివరి దాకా వోల్టేజీ, ఉష్ణోగ్రత రాసుకోండి. అవి డేటాషీట్‌తో సరిపోలాకే మిగతా ఆర్డర్ పెట్టండి.