సరదాతనం పెరగాలంటే రాత్రిపూట మూడు ముక్కలు
వారం పాటు రోజూ పడుకునే ముందు, ఆ రోజు మీరు సరదాగా, చిలిపిగా ఉన్న మూడు సందర్భాలు రాయండి: ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, ఎలా అనిపించింది. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయం వాళ్లు 533 మందితో చేసిన ప్రయోగంలో వాడిన పద్ధతుల్లో ఇదొకటి. సరదాతనం నిజంగానే పెరిగింది.

జోకులేస్తేనే లెక్క అనుకుంటే రెండో రోజుకే పేజీ ఖాళీ. అంట్లు తోముతూ పాటకు మాటలు మార్చి పాడుకోవడం, ఆఫీసు చిక్కుముడిని పొడుపుకథలా తిప్పి చూడడం, ఎవరూ పట్టించుకోని వింత బోర్డు దగ్గర ఆగిపోవడం... అన్నీ రాయొచ్చు. ఎదుటివాళ్లు నొచ్చుకున్న వెటకారం మాత్రం లెక్కలోకి రాదు. కాగితమే నయం, ఫోన్ తీస్తే రీల్స్‌లో పడిపోతాం. మూడు దొరక్కపోతే ఒక్కటే రాసి, మర్నాడు ఒక మామూలు పనిని కావాలనే కాస్త చిలిపిగా చేయండి.