నిమ్మకాయలతో ఎల్ఈడీ వెలిగించడం
రసమున్న నాలుగు నిమ్మకాయలు, జింకు పూత ఉన్న నాలుగు జీఐ మేకులు, పాత వైరింగు రాగి తీగ, ఒక ఎర్ర ఎల్ఈడీ చాలు. తొక్క చిట్లకుండా కాయల్ని బల్లమీద అరచేత్తో దొర్లించి మెత్తబరచండి. ఒక్కోదాంట్లో మేకు, దానికి 1.5 సెంటీమీటర్ల దూరంలో తొడుగు తీసిన రాగి తీగ గుచ్చండి. లోపల రెండూ తగిలాయో, ఆ కాయ లెక్కలో లేనట్టే.

మొదటి కాయ రాగిని రెండోదాని మేకుకు, అలా వరసగా కలపండి. చివరి కాయలో మిగిలిన రాగికి ఎల్ఈడీ పొడుగు కాలు, మొదటి కాయలో మిగిలిన మేకుకు పొట్టి కాలు. ఒక్కో కాయ ఇచ్చేది సుమారు 0.9 వోల్టులే, ఎర్ర ఎల్ఈడీకి 1.8 దాకా కావాలి. కరెంటు మరీ తక్కువ కాబట్టి వెలుగు చీకట్లోనే తెలుస్తుంది. టార్చి బల్బు జోలికి పోవద్దు.

వెలగలేదా? ముందు ఎల్ఈడీ కాళ్లు తిప్పి చూడండి. మామూలు ఇనప మేకులైతే వోల్టేజి బాగా పడిపోతుంది. జింకు కరిగిన ఆ కాయలు పులిహోరకు పనికిరావు, పారేయండి.