హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఫాస్ట్ ఎస్టేట్ కారు కొనేటప్పుడు లెక్క ఎలా వేసుకోవాలి

ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, పండక్కి ఊరెళ్తే డిక్కీ నిండా సామాను, కానీ ఎత్తుగా ఊగే ఎస్‌యూవీ నడపాలంటే మనసొప్పదు, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కాక కాలు నొక్కితే కారు కదిలిందని తెలియాలి. ఇలాంటి వాళ్ళకి సరిపోయేది ఫాస్ట్ ఎస్టేట్, అంటే సెడాన్‌లా కిందకి ఉండి, పైకప్పు వెనక డిక్కీ చివరి దాకా సాగి, స్పీడ్ కూడా ఉండే కారు. వాళ్ళ కోసమే రాస్తున్నా ఇది. కొత్తది కొనాలంటే మన దగ్గర ఆప్షన్లు లేనట్టే, కాబట్టి సెకండ్ హ్యాండే దారి. అక్కడ అందరూ చూసేది ఒక్కటే, "75 లక్షల కారు అంట, ఇప్పుడు సగం కూడా లేదు". అసలు విషయం ఏంటంటే కారు రేటు పడిపోద్ది గానీ దాని స్పేర్ పార్టుల రేటు పడదు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి బ్యాగుల మీద బండిని మోసేది) పోతే బిల్లు వేసేవాడు మీరు ఎంతకి కొన్నారని అడగడు, అది 75 లక్షల కారు లెక్కనే వేస్తాడు. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుని మిగతా లెక్కలు చేయండి.

ముందు మార్కెట్‌లో ఏమున్నాయో చూద్దాం. మన దేశంలో ఎస్టేట్ బండ్లకి ఎప్పుడూ గిరాకీ లేదు, 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలేనో ఆల్ట్యూరా, టాటా ఇండిగో మరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి, ఏదీ నిలబడలేదు. తర్వాత వచ్చినవన్నీ ఖరీదైనవే. ఆడి ఆర్ఎస్6 అవాంట్ 2015లో 1.35 కోట్ల ఎక్స్ షోరూమ్‌తో వచ్చింది, 560 హార్స్‌పవర్, 4 సెకన్ల లోపే వంద కిలోమీటర్ల స్పీడ్. వోల్వో వీ90 క్రాస్ కంట్రీ 2017లో 60 లక్షలు, మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెరైన్ 2018లో 75 లక్షలు, ఈ రెండూ డీజిల్, రేస్ బండ్లు కాదు గానీ కుటుంబంతో లాంగ్ డ్రైవ్‌కి ఇంతకన్నా హాయిగా ఉండేవి తక్కువ. ఇక ఆక్టేవియా ఆర్ఎస్, 2017లో 25 లక్షల లోపు వచ్చిన 230 హార్స్‌పవర్‌ది ఒకటి, 2020లో 35.99 లక్షలకి 200 బండ్లు మాత్రమే తెచ్చిన ఆర్ఎస్ 245 ఒకటి. ఇవి నిజానికి ఎస్టేట్ కాదు, లిఫ్ట్‌బ్యాక్, కానీ వెనక అద్దంతో సహా డోర్ మొత్తం పైకి లేస్తది, డిక్కీ 590 లీటర్లు, సీట్లు మడిస్తే ఇంకా పెరుగుద్ది. ఎస్టేట్ చేసే పని అంతా చేస్తది కాబట్టి నా లెక్కలో ఇది కూడా ఇందులోకే వస్తది, పైగా మామూలు జీతగాడు పెట్టుకోగలిగేది కూడా ఇదే.

ఇప్పుడు డిప్రిసియేషన్, అంటే ఏళ్లు గడిచేకొద్దీ రేటు పడిపోయే సంగతి. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ఒక టేబుల్ ఉంటది, ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కోసం బండికి కట్టే విలువ, దాని లెక్కకి వాడతారు, ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50 శాతం తగ్గిస్తారు, ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకోవడమే. ఏ మోడల్ అయినా ఆ టేబుల్ అదే. బయట మార్కెట్ అలా నడవదు. ఆర్ఎస్ 245కి ఈ టేబుల్ ప్రకారం ఐదేళ్లకి సగం అవ్వాలి, అంటే 18 లక్షలు, కానీ మంచి కండిషన్‌లో ఉన్నది 18కి ఇమ్మంటే ఓనర్ ఫోన్ పెట్టేస్తాడు, ఎందుకంటే దేశం మొత్తానికి ఉన్నవే 200. అదే ఆల్ టెరైన్ లాంటిది టేబుల్ కన్నా కిందకి పోయినా ఆశ్చర్యం లేదు, రెండూ అరుదైన బండ్లే, కానీ ఒకదాన్ని వెతుక్కుంటూ వచ్చే కుర్రాళ్ళు ఉన్నారు, రెండోదాన్ని కొనే స్తోమత ఉన్నాయన నేరుగా ఎస్‌యూవీ షోరూమ్‌కి పోతాడు. అరుదు అనేది ఒక్కటే రేటు నిలబెట్టదు, అడిగేవాడు కూడా ఉండాలి. అమ్మేవాడు "సార్ సిటీలో ఇలాంటిది ఇదొక్కటే" అంటే ఆ మాటని బేరంలో మీ వైపుకి తిప్పుకోండి, రేపు నేను అమ్మేటప్పుడు కొనేవాడు కూడా ఒక్కడే ఉంటాడు కదా అని.

ఇంకో రెండు విషయాలు రేటు మీద గట్టిగా పనిచేస్తాయి. ఒకటి లైఫ్ ట్యాక్స్, మొదటి ఓనర్ కట్టింది మీకు ఉచితంగా వస్తది. తెలంగాణలో 2022 మేలో 20 లక్షలు దాటిన కార్లకి 18 శాతం చేశారు, అదే ఓనర్‌కి అది రెండో బండి అయితే అప్పట్లో ఇంకో 2 శాతం, అంటే కొత్త కారు కొన్నాయన షోరూమ్ గేటు దాటేలోపే పోగొట్టుకున్న డబ్బు అది, ఇక్కడే రిజిస్టర్ అయిన బండి కొంటే ఆ భారం మీది కాదు. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ ఎత్తేసి 40 శాతం చేశారు, అంతకు ముందు సెస్‌తో కలిపి 48, 50 దాకా ఉండేది. కొత్తది తగ్గితే పాతది కూడా తగ్గాలి, కానీ అమ్మేవాళ్ళు చాలామంది ఇంకా పాత ఆన్ రోడ్ బిల్లు చూపించే బేరం మొదలుపెడతారు. మీరు మాత్రం ఆ బడ్జెట్‌కి ఇవాళ కొత్తది ఏమొస్తదో ఆ రేటు నుంచే మొదలుపెట్టండి.

అసలు లెక్క ఇది, కాగితం మీద వేయండి. కొన్న రేటు, ట్రాన్స్‌ఫర్ ఖర్చు, కొనగానే చేయించాల్సిన పనులు, ఉంచుకునే ఏళ్ల ఇన్సూరెన్స్, సర్వీసు, అనుకోని రిపేర్లకి పక్కన పెట్టేది, ఇవన్నీ కలిపి అందులోంచి చివర్లో అమ్మితే వచ్చేది తీసేయండి, మిగిలింది నెలలతో భాగించండి. ఉదాహరణకి ఒకే రేటుకి రెండు బండ్లు ఉన్నాయనుకుందాం, రెండూ 22 లక్షలే, నాలుగేళ్లు ఉంచుకుంటారు, నంబర్లు లెక్క అర్థం కావడానికి నేను వేసినవే, మీవి మీరు వేసుకోండి. మొదటిది ఆక్టేవియా లాంటిది, ట్రాన్స్‌ఫర్ 20 వేలు, టైర్లు బ్రేకులు ఆయిల్స్ కలిపి లక్షన్నర, ఇన్సూరెన్స్ నాలుగేళ్లకి 2.4 లక్షలు, సర్వీసు 2 లక్షలు, అనుకోని వాటికి ఇంకో 2, మొత్తం 30.1 లక్షలు. చివర్లో 15కి అమ్మారు, పోయింది 15.1, నెలకి 31 వేల చిల్లర. రెండోది పెద్ద లగ్జరీ ఎస్టేట్, కొనగానే పనులు 4 లక్షలు, ఇన్సూరెన్స్ 3, సర్వీసు 4, అనుకోనివి 5, ట్రాన్స్‌ఫర్ అదే 20 వేలు, మొత్తం 38.2, చివర్లో కొనేవాడు దొరక్క 10కి పోయింది, పోయింది 28.2, నెలకి దాదాపు 59 వేలు. పెట్రోల్ డీజిల్ ఇందులో కలపలేదు. నెలకి 59 వేలు హాయిగా పెట్టగలిగితే రెండోది తప్పకుండా కొనండి, అది అద్భుతమైన బండి, నేను వద్దనను, కానీ 22 లక్షలే కదా అని మాత్రం కొనకండి.

ఢిల్లీ, ముంబై, బెంగళూరు బండ్లు ఇక్కడికన్నా తక్కువకి కనిపిస్తాయి, ముఖ్యంగా ఢిల్లీవి, డీజిల్‌కి 10 ఏళ్లు పెట్రోల్‌కి 15 ఏళ్లు అన్న రూల్ భయంతో అక్కడ చాలాకాలం రేట్లు పడిపోయి ఉన్నాయి. ఆ తేడా చూసి ఫ్లైట్ బుక్ చేసే ముందు ఒకసారి ఆగండి. అలా కొన్న బండిని ఇక్కడ మీ పేరు మీద తిప్పాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) తెచ్చుకుని, అంటే ఫారం 28, ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు కొన్న రేటు మీద కాదు, బండి అసలు ధర మీద, వయసుని బట్టి తగ్గించిన శాతంతో వేస్తారు. 1.35 కోట్ల బండిని మీరు ఎంత చవగ్గా కొన్నా లెక్క ఆ 1.35 దగ్గరే మొదలవుద్ది, చాలామందికి దెబ్బ పడేది సరిగ్గా ఇక్కడే. అక్కడ కట్టిన ట్యాక్స్ రిఫండ్‌కి అప్లై చేసుకోవచ్చు గానీ అది వచ్చినప్పుడు వచ్చినట్టు, లెక్కలో కలపొద్దు. ఖైరతాబాదో కొండాపూరో, మీ ఆర్టీఏ ఆఫీసుకి ఒరిజినల్ ఇన్వాయిస్ కాపీతో వెళ్ళి ఎంత పడుద్దో ముందే కనుక్కుని, ఆ తర్వాతే టోకెన్ ఇవ్వండి.

బండి చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ వేడి చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే, వెనక నీలం పొగ వస్తే, అక్కడితో బేరం ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. ఆక్టేవియా ఆర్ఎస్‌లలో వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ లీకు మామూలుగా వచ్చే జబ్బు, టార్చ్ వేసి ఎండిపోయిన గులాబీ రంగు మరకలు ఉన్నాయేమో వెతకండి. 230 హార్స్‌పవర్‌దానిలో ఉండే డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి 60 వేల కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి, మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఇంకోటి ట్యూనింగ్, ఈ బండ్లు కొనేది స్పీడ్ పిచ్చి ఉన్నవాళ్ళే కాబట్టి స్టేజ్ 1 రీమ్యాప్, అంటే పవర్ పెరిగేలా ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించి, అమ్మే ముందు మళ్ళీ కంపెనీ సెట్టింగ్‌కి మార్చేసే వాళ్ళు ఉంటారు, కంప్యూటర్‌కి పెట్టి స్కాన్ చేయించండి, అదే స్కాన్‌లో గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లలో కిలోమీటర్లు చూపిస్తే మీటర్ తిప్పారా లేదా కూడా తేలిపోద్ది. ఆర్ఎస్6 అయితే ఆ పాత 4 లీటర్ల వీ8లో టర్బోలకి ఆయిల్ పోయే దారిలో చిన్న జాలీ ఉంటది, అది మూసుకుపోతే టర్బోలే పోతాయి, ఆ పని చేయించారా అని అడగండి, తెల్లమొహం వేస్తే ఆ ఖర్చు మీదే అనుకోండి.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకో చెకింగ్ ఉంది, వరద. 2020 అక్టోబర్‌లో టోలీచౌకి నదీమ్ కాలనీలో, ఎల్బీ నగర్ వైపు కార్లు ఎలా తేలాయో అందరం చూశాం, తర్వాత కూడా ప్రతి వానాకాలం ఏదో ఒక సెల్లార్ మునుగుతూనే ఉంది. మునిగిన బండిని కడిగి పాలిష్ కొట్టి సెంట్ చల్లితే పైకి ఏమీ తెలీదు. సీట్ బెల్ట్‌ని చివరి దాకా లాగండి, మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు, కాబట్టి కడిగేవాడు కూడా లాగడు, లోపలి చివర్లో మట్టి రంగు గీత ఉంటే ఆ బండి నీళ్లు చూసినట్టే. సీటు కింద పట్టాల బోల్టులు చూడండి, ఐదారేళ్ల బండిలో అక్కడ తుప్పు ఉండకూడదు. డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీయించి గుంటలో వేలితో రుద్ది చూడండి, ఎస్టేట్లలో వైరింగ్, బ్యాటరీ, ఎయిర్ సస్పెన్షన్ సామాను కొన్ని వెనకవైపే ఉంటాయి కాబట్టి అక్కడ తడి తగిలిందంటే ఏ రోజు ఏది ఆగిపోద్దో చెప్పలేం. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ఒక రాత్రి అలాగే వదిలేసి పొద్దున్న ఏ మూల కిందకి దిగిందో చూడమనండి, ఒప్పుకోకపోతే కనీసం రెండు మూడు గంటలైనా.

పిల్లల సీటు, స్ట్రోలర్, రెండు పెద్ద సూట్‌కేసులు వెంట తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి చూడండి, దాని కోసమే కదా ఎస్టేట్. అమ్మానాన్నని వెనక కూర్చోబెట్టి ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి, ఈ బండ్లు కిందకి ఉంటాయి, టైర్లు పల్చగా ఉంటాయి, మన గుంతల్లో అల్లాయ్ వంగడం మామూలే. నడుము నొప్పి ఉన్న నాన్నగారు మొదటి రోజే వద్దంటే ఆర్నెల్లకి మీరే అమ్మకానికి పెడతారు, అప్పుడు పోయేది మీ డబ్బు.

పెట్రోల్ బండి అయితే ట్యాంక్ మూత లోపల స్టిక్కర్ చదవండి, ఎంత ఆక్టేన్ (పెట్రోల్ గ్రేడ్ నంబర్), ఎంత ఇథనాల్ దాకా అని రాసి ఉంటది, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది కాబట్టి ఆ సంగతి సర్వీస్ అడ్వైజర్‌ని కూడా అడగండి.

కాగితాల్లో ఆర్సీ, కీలు రెండూ, సర్వీస్ బిల్లులు, లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ ఫారం 35తో, ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30. చలాన్లు వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి మీరే చూసుకోండి, ఓఆర్ఆర్ మీద ఇలాంటి బండ్లకి స్పీడ్ చలాన్లు కుప్పలుగా ఉండొచ్చు. పాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి, ఓనర్‌కి ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే పోద్ది, కాబట్టి ప్రీమియం కోట్ మీ పేరు మీద కొత్తగా తీసుకుని లెక్కలో వేయండి. పాలసీ 14 రోజుల లోపు మీ పేరుకి మార్పించుకోవాలి. ఐదేళ్లు దాటిన బండికి జీరో డెప్ (పార్టుల పాతదనం కింద కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) కొన్ని కంపెనీలు ఇవ్వవు, అది లేకుండా ఒక హెడ్‌లైట్ పగిలినా ప్లాస్టిక్ భాగాల్లో సగం మీ జేబులోంచే.

బేరంలో గుండుగుత్తగా తగ్గించమంటే ఎవరూ తగ్గించరు. మెకానిక్ రాసిచ్చిన పనుల లిస్టు, ఒక్కోదానికి రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లోనో కంపెనీ సర్వీస్‌లోనో తీసుకున్న కొటేషన్, ఈ రెండూ ముందు పెట్టి అంత తీసేయమనండి. ఒప్పుకుంటే ఆ డబ్బుని వేరే అకౌంట్‌లో వేసి మొదటి నెలలోనే ఆ పనులు చేయించేయండి, బిల్లులన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి, నాలుగేళ్ల తర్వాత మీ దగ్గర కొనడానికి వచ్చే వాడు మొదట అడిగేది ఆ ఫైలే.