పాత డిస్కు కేబుల్ పీకి, కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఎక్కించే పద్ధతి

కంప్యూటర్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగంగా నడిచే డిస్కు) తెచ్చి బిగిస్తారు. పాత హార్డ్‌డిస్కును డేటా కోసం అట్లనే ఉంచి, కొత్తదాంట్లో విండోస్ 11 ఎక్కిస్తారు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకరోజు పాత డిస్కు గరగరమంటోందని తీసేస్తారు. అప్పుడు మొదలవుతుంది కిరికిరి: "అన్నా, పాత డిస్కు తీస్తే సిస్టం లేస్తలేదు."

విండోస్‌కు ఏమీ కాలేదు. అది కొత్త ఎస్‌ఎస్‌డీలో భద్రంగానే ఉంది. దాన్ని లేపే బూట్ ఫైళ్లు మాత్రం పాత డిస్కులో ఉండిపోయాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సిస్టంలో ఇప్పటికే ఒక ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే డిస్కు భాగం) కనబడితే, సెటప్ చాలాసార్లు కొత్తది చేసుకోదు, ఉన్నదాంట్లోనే తన బూట్ ఫైళ్లు రాసేస్తుంది. అది మామూలుగా 100 ఎంబీ ఉండే చిన్న ముక్క. 'దిస్ పీసీ'లో కనబడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి విరుగుడు సాఫ్ట్‌వేర్‌లో లేదు, స్క్రూడ్రైవర్‌లో ఉంది. ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు పాత డిస్కు కేబుల్ పీకేయాలి. తప్పు డిస్కును ఫార్మాట్ కొట్టే ప్రమాదం కూడా దాంతోనే పోతుంది.

కేబినెట్ విప్పే ముందు

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఎక్కువమంది 11కే వెళ్తారు. మీ మిషన్ దానికి పనికొస్తుందా అన్నది ముందు చూసుకోండి. ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ నుంచి, టీపీఎం 2.0 (భద్రతా చిప్), యూఈఎఫ్‌ఐ (సిస్టంను లేపే కొత్త పద్ధతి), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం అడుగుతుంది. 4 జీబీ అన్నది కాగితం మీద లెక్క. 8 లేకపోతే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి నీరసపడుతుంది. 6, 7 తరాల మిషన్లలో రూఫస్ లాంటి టూల్‌తో తనిఖీ తప్పించి ఎక్కించొచ్చు కానీ, ముందుముందు అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ పూచీ ఉండదు. కోర్ 2 డ్యుయో కాలం నాటి బాక్సులైతే ఆ ఆశ వదులుకోండి. 24హెచ్2 వెర్షన్‌కు కావలసిన ఆదేశాలు ఆ ప్రాసెసర్లలోనే లేవు. వాటికి లినక్స్ మింట్ నయం.

తర్వాత బ్యాకప్. ఫొటోలు, డాక్యుమెంట్లు అందరూ గుర్తుపెట్టుకుంటారు. దుకాణం సిస్టం అయితే మరిచిపోయేవి వేరే ఉంటాయి. డీటీపీ చేసేవాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు అను ఫాంట్లు, వాటి సెటప్ ఫైలు దాచుకోవాలి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, కాబట్టి ఫాంట్ లేకపోతే పెళ్లిపత్రికలో తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వస్తాయి. ట్యాలీ ఉంటే డేటా ఫోల్డరు కాపీ చేసి, పాత విండోస్‌లో ఉండగానే లైసెన్సు సరెండర్ చేయండి. లేకపోతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేసేటప్పుడు మళ్లీ తిప్పలు. ఆన్‌లైన్ సర్వీసులు నడిపేవాళ్లకు వేలిముద్ర మిషన్ డ్రైవరు, దాని ఆర్‌డీ సర్వీసు (ఆధార్ వేలిముద్ర తనిఖీకి కావలసిన ప్రోగ్రాం), డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు కావాలి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు కూడా బయటికి తీసి పెట్టుకోండి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. పాత డిస్కుకు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేదా ముందే డీక్రిప్ట్ చేయండి. కొత్త విండోస్ నుంచి ఆ డిస్కు తెరవబోతే ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

విండోస్ లైసెన్సు గురించి భయం వద్దు. డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డునే పట్టుకుని ఉంటుంది. డిస్కు మారినా, హోమ్ ఉన్నచోట హోమ్, ప్రో ఉన్నచోట ప్రో వేస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఏ ఎస్‌ఎస్‌డీ

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీని నేరుగా దూర్చే గాడి) ఉందో లేదో చూసి కొనండి. వంద కిలోమీటర్లు పోయి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఎన్‌వీఎంఈ (ఎక్కువ వేగం ఉండే ఎం.2 రకం) ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చాక, బోర్డు మీద స్లాటే లేదని తేలితే చార్జీలు దండగ. స్లాటు ఉన్నా అది సాటా అనే పాత, నిదానమైన రకం ఎం.2కు మాత్రమేనా, ఎన్‌వీఎంఈకి కూడానా అన్నది బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. మామూలు సైజు 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. స్లాటు లేకపోతే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. హార్డ్‌డిస్కు సెకనుకు 100–150 ఎంబీ చదివితే, ఇది 500 దాటుతుంది. ఎన్‌వీఎంఈ అంతకంటే చాలా వేగం. కానీ బిల్లింగు, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల పనికి ఆ రెండింటి మధ్య తేడా చేతికి పెద్దగా తెలియదు. అసలు తేడా హార్డ్‌డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి రావడంలోనే ఉంది. సైజు 240 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దు. 500 జీబీ డిస్కు విండోస్‌లో 465గా కనబడుతుంది, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు.

బిగించడం

షట్‌డౌన్ చేసి, ప్లగ్గు గోడ నుంచి పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఇనుప డబ్బాను ఒకసారి ముట్టుకోండి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఆఫీసుల్లో పెట్టిన కేబినెట్ అయితే ఊక ధూళి మందంగా పేరుకుని ఉంటుంది. ముందు మెత్తని బ్రష్షుతో దులిపేయండి, ఎం.2 స్లాటులో ఒక నలుసు చాలు డిస్కు కనబడకుండా పోవడానికి.

సాటా ఎస్‌ఎస్‌డీకి రెండు కేబుళ్లు: సన్నగా ఉండే డేటా కేబుల్, వెడల్పుగా ఉండే పవర్ కేబుల్. రెండూ 'ఎల్' ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పట్టవు, బలం చేస్తే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. చాలా ఎస్‌ఎస్‌డీల డబ్బాలో డేటా కేబుల్ రాదు, విడిగా కొనాలి. ఎం.2ను ముప్పై డిగ్రీల వాలుగా స్లాటులోకి తోసి, రెండో చివర కిందికి అదిమి స్క్రూ వేయాలి. తోసినప్పుడు బంగారు రంగు పిన్నులు లోపలికి పోవాలి, సగానికి పైగా బయట కనబడుతుంటే సరిగా కూర్చోలేదన్నట్టు. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. పాత డిస్కు తర్వాత కనబడకపోతే పోర్టు మార్చి చూడండి.

ఇప్పుడు పాత డిస్కు డేటా కేబుల్ పీకేయండి. ల్యాప్‌టాప్‌లో అయితే మొదట బ్యాటరీ కనెక్టర్ తీసి, ఆ తర్వాత పాత డిస్కును విప్పి పక్కన పెట్టండి.

పెన్‌డ్రైవ్

కనీసం 8 జీబీది కావాలి, దాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపుకుని వేరే సిస్టంలో తయారుచేయండి, లేదా పాత డిస్కు పీకకముందే చేసి పెట్టుకోండి. డౌన్‌లోడ్ 5 జీబీ దాటుతుంది కాబట్టి రోజుకింత అని ఇచ్చే మొబైల్ డేటాతో పెట్టుకోవద్దు. ఎవరో ఇచ్చిన 'క్రాక్ చేసిన' విండోస్ పెన్‌డ్రైవ్ వాడకండి. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే సిస్టం అది.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ ఇరవై నిమిషాల పనే అయినా, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. యూపీఎస్ ఉన్నా బ్యాటరీ పాతదైతే ఒక్క నిమిషం కూడా ఆగదు. ప్రింటర్ ప్లగ్గును మాత్రం యూపీఎస్ నుంచి తీసేయండి.

ఎక్కించడం

పెన్‌డ్రైవ్‌ను కేబినెట్ వెనక పోర్టులో పెట్టండి, ముందు పోర్టుల వైర్లు తరచూ వదులుగా ఉంటాయి. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ వరసగా నొక్కుతూ ఉండాలి: డెల్, లెనోవో, ఏసర్, గిగాబైట్‌లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఎంఎస్‌ఐలో ఎఫ్11, ఆసుస్ బోర్డులో ఎఫ్8. ఏసర్‌లో ఆ మెనూను ముందు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆన్ చేయాల్సి రావచ్చు.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడితే, పేరు ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. రెండోది పాత లెగసీ పద్ధతి. దాంతో పోతే డిస్కు ఎంబీఆర్‌గా (పాత పార్టిషన్ పద్ధతిలో) తయారవుతుంది, లేదా డిస్కు జీపీటీలో (కొత్త పద్ధతిలో) ఉందంటూ సెటప్ మొండికేస్తుంది.

ప్రొడక్ట్ కీ అడిగినచోట 'నా దగ్గర కీ లేదు' నొక్కి, సరైన ఎడిషన్ ఎంచుకోండి. కొత్త సెటప్‌లో ఫైళ్లన్నీ చెరిగిపోతాయని ఒప్పుకుంటూ టిక్ పెట్టమంటుంది. పాత డిస్కు కేబుల్ మీ చేతిలో ఉంది కాబట్టి ధైర్యంగా పెట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌ను పక్కన పెడితే, డిస్కుల జాబితాలో ఒక్కటే వరస ఉండాలి: డిస్కు 0, అన్‌అలకేటెడ్. పెన్‌డ్రైవ్ కాక ఇంకా రెండు డిస్కులు కనబడితే అక్కడే ఆపి, ఏ కేబుల్ పీకారో చూసుకోండి. పార్టిషన్లు చేయాల్సిన పని లేదు, ఆ ఖాళీ స్థలాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొడితే ఈఎఫ్‌ఐ సహా కావలసిన ముక్కలన్నీ అదే చేసుకుంటుంది.

జాబితా ఖాళీగా ఉంటే? 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఎస్‌ఎస్‌డీ దాక్కుని ఉంటుంది. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవరు దింపి, విప్పిన ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసి 'లోడ్ డ్రైవర్' ద్వారా చూపిస్తే బయటికొస్తుంది.

మొదటి రీస్టార్ట్ అప్పుడు ఏ కీ నొక్కకండి. నొక్కితే మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే లేచి భాష అడగడం దగ్గరికి వస్తుంది. తర్వాత నెట్ అడిగినప్పుడు వైఫై కనబడకపోతే, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, సాధారణంగా పనిచేస్తుంది.

పాత డిస్కు తిరిగి కలపడం

కొత్త విండోస్ రెండు మూడుసార్లు సొంతంగా లేచి, అప్‌డేట్లు ఎక్కాక షట్‌డౌన్ చేసి పాత డిస్కు కలపండి. బయోస్‌లో బూట్ వరసలో కొత్త డిస్కు 'విండోస్ బూట్ మేనేజర్' పైన ఉండాలి. పాత విండోస్ కావాల్సినప్పుడు బూట్ మెనూ కీతో ఎంచుకుంటే చాలు. రెండింటినీ అట్ల వాడుకుంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డిస్కులో రెండో విండోస్ రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. పాత యూజర్ ఫోల్డరు తెరిస్తే అనుమతి లేదంటుంది. 'కంటిన్యూ' నొక్కి కాసేపు ఆగండి.

ఇప్పటికే కేబుల్ పీకకుండా ఎక్కించేసినవాళ్లకు

పాత డిస్కు ఇంకా ఉండగానే సరిచేసుకోవచ్చు. కొత్త విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవును 300 ఎంబీ తగ్గించండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఈ ఆదేశాలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ముందు 'డిస్క్‌పార్ట్', ఆపైన 'లిస్ట్ డిస్క్'. సైజు చూసి కొత్త డిస్కు నంబరు గుర్తుపట్టండి. చివరి నిలువు వరసలో జీపీటీ కింద నక్షత్రం గుర్తు (*) ఉంటేనే ముందుకు పోవాలి. 'సెలెక్ట్ డిస్క్' అని ఆ నంబరు. తర్వాత 'క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260', 'ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32', 'అసైన్ లెటర్=ఎస్', 'ఎగ్జిట్'. చివరగా 'బీసీడీబూట్', ఖాళీ, సీ డ్రైవులోని విండోస్ ఫోల్డరు దారి (C:\Windows), ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, ఎస్ కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్, ఖాళీ, యూఈఎఫ్‌ఐ. బూట్ ఫైళ్లు రాయడం అయిందని ఒక వాక్యం వస్తుంది. షట్‌డౌన్ చేసి, పాత డిస్కు కేబుల్ పీకి లేపి చూడండి.

లేచినా సరే, పాత డిస్కును అప్పుడే ఫార్మాట్ కొట్టకండి. నెలరోజులు ఉంచండి, జీఎస్‌టీ రిటర్నులు ఒక విడత, కరెంటు బిల్లుల కౌంటరు ఒక నెల నడిస్తే ఏ ఫైలు మరిచిపోయారో బయటపడుతుంది. తర్వాత చెరిపేటప్పుడు పాత ఈఎఫ్‌ఐ ముక్కను డిస్క్ మేనేజ్‌మెంట్ తీయనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ఆ పార్టిషన్‌ను ఎంచుకుని 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' కొడితే పోతుంది. ఎంటర్ కొట్టే ముందు డిస్కు నంబరు ఇంకొకసారి చూసుకోండి.