రేటు ఎక్కడ రాయాలి? మిర్చి లాట్లతో గ్రాఫ్‌క్యూఎల్ స్కీమా

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కల యాప్ రాసేటప్పుడు, డేటాబేస్ టేబుల్‌ని చూసి గ్రాఫ్‌క్యూఎల్ స్కీమా (ఏ డేటాని ఏ రూపంలో అడగొచ్చో చెప్పే నమూనా) దించేశాను. లాట్ (రైతు అమ్మకానికి తెచ్చిన సరుకు) టైప్‌లో 'రైతు_ఐడి' అని ఒక ఫీల్డ్ పెట్టాను. రైతు పేరు కావాలంటే ముందు లాట్ అడగాలి, ఆ ఐడీ పట్టుకుని మళ్ళీ ఇంకో క్వెరీ పంపాలి. సంబంధం ఉన్న డేటా అంతా ఒకే క్వెరీలో అడగడానికే కదా గ్రాఫ్‌క్యూఎల్, ఇలా అయితే అదెందుకు?

ఐడీ బదులు టైప్‌నే ఇవ్వండి. లాట్‌లో 'రైతు: రైతు!', రైతులో 'లాట్లు: [లాట్!]!'. (అసలు స్కీమాలో పేర్లకు ఇంగ్లీష్ అక్షరాలే చెల్లుతాయి, ఇక్కడ అర్థం కావడానికి తెలుగులో రాశాను.) ఒకవైపు రాస్తే రెండోవైపు దానంతటది రాదు. దేని రిసాల్వర్ (ఆ ఫీల్డ్‌కి డేటా తెచ్చే ఫంక్షన్) దానికి రాయాలి.

చదరపు బ్రాకెట్లు ఉంటే జాబితా అని, ఆశ్చర్యార్థకం ఉంటే నల్ (విలువే లేకపోవడం) రాకూడదని అర్థం. '[లాట్!]!'లో లోపలి ఆశ్చర్యార్థకం లాట్‌కి, బయటిది జాబితాకి. లాట్లు లేని రైతుకి ఖాళీ జాబితా వస్తుంది. దీన్ని ఆచితూచి వాడండి. ఒక్క లాట్‌కి రైతు దొరక్కపోతే ఆ లాట్ నల్ అవుతుంది, దాంతో జాబితా మొత్తం పోతుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది రేటు. ఒక రైతు తెచ్చిన 60 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చిలో 40 ఒక వ్యాపారి, 20 ఇంకొకరు వేరే రేటుకి కొన్నారు. రేటు లాట్‌లో రాస్తే ఏ రేటు? వ్యాపారిలో రాస్తే ఏ లాట్‌ది? గుమాస్తాగారి పుస్తకం చూశాక దారి దొరికింది. ఆయన ఒక్కో బేరాన్ని ఒక్కో వరసలో రాస్తారు. నేనూ 'అమ్మకం' అని విడిగా టైప్ చేశాను: లాట్, వ్యాపారి, టిక్కీలు, తూకం, క్వింటా ధర. లాట్‌కీ వ్యాపారికీ 'అమ్మకాలు' జాబితా ఇచ్చాను. రెండు టైప్‌ల మధ్య బంధానికి సొంత వివరాలు ఉంటే దాన్ని ఇలా టైప్‌గా నిలబెట్టాల్సిందే.

రిసాల్వర్లు మామూలుగా రాస్తే 50 లాట్లకి ఒక క్వెరీ, రైతుల పేర్లకి ఇంకో 50 క్వెరీలు నడుస్తాయి. డేటాలోడర్ అనే లైబ్రరీ ఆ రైతుల ఐడీలన్నీ పోగేసి ఒకేసారి అడుగుతుంది, 51 కాస్తా 2 అవుతాయి. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త డేటాలోడర్ తయారు చేయండి. అది తెచ్చినవన్నీ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, అందరికీ ఒకటే ఉంచితే ఒక కొట్టు లెక్క ఇంకో కొట్టువాళ్ళకి కనబడే ప్రమాదం ఉంది.