కారంపొడి లైన్‌లో పీఎల్‌సీకి బార్‌కోడ్ స్కానర్ కలపడం

విజయవాడ ఆటోనగర్‌లో కంట్రోల్ ప్యానెళ్లు కట్టడం నా పని. నిరుడు గుంటూరులో ఒక కారంపొడి ప్యాకింగ్ లైన్‌లో, మిషన్లని నడిపే చిన్న కంప్యూటర్ పీఎల్‌సీకి బార్‌కోడ్ స్కానర్ కలిపాను. కారం నడుస్తుండగా పొరపాటున ధనియాల పొడి కవరు ఎక్కితే లైన్ ఆగాలి, అంతే. ఒక్క పూట పని అనుకుని వెళితే మూడు రోజులు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

ఓనరు గారు ముందే స్కానర్ కొని ఉంచారు, సూపర్‌మార్కెట్ కౌంటర్లో వాడే యూఎస్‌బీ రకం. అది కంప్యూటర్‌కి కీబోర్డులా కనపడుతుంది. మామూలు పీఎల్‌సీ మీదుండే యూఎస్‌బీ ప్రోగ్రాం ఎక్కించడానికే, అక్కడ కీబోర్డు పనిచేయదు. ఆర్ఎస్-232 (పాత రకం సీరియల్ కనెక్షన్) గానీ ఈథర్‌నెట్ గానీ ఉన్నది తీసుకోండి. ప్యానెల్ 15 మీటర్ల లోపుంటే 232 చాలు.

స్కానర్ పంపే తీగ పీఎల్‌సీ అందుకునే పిన్నుకి, గ్రౌండు గ్రౌండుకి. ప్యానెల్లో 24 వోల్టులు చేతికందుతున్నాయి కదా అని ఇచ్చేయకండి, కొన్ని స్కానర్లు 5 వోల్టులవే. షీల్డ్ ఉన్న కేబులే వాడండి, దాన్ని మోటారు డ్రైవ్ తీగలతో కలిపి ఒకే ట్రేలో వేయకండి.

ఇప్పుడే పీఎల్‌సీ జోలికి పోవద్దు. ముందు స్కానర్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, సీరియల్ టెర్మినల్ (వచ్చిన అక్షరాల్ని చూపించే ప్రోగ్రాం) తెరిచి, ఏం వస్తోందో కళ్లారా చూడండి. టెర్మినల్ సెట్టింగులు సాధారణంగా ఇవి: 9600 బాడ్ (డేటా వేగం), 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. మామూలు ప్యాకెట్ కోడ్ అయితే 13 అంకెలు వస్తాయి, చివర కనపడని అక్షరాలు ఒకటో రెండో ఉంటాయి. నా దానిలో ఆ అక్షరాల కోడ్ నంబర్లు 13, 10, అంటే ఎంటర్ నొక్కినట్టు. పీఎల్‌సీలో మెసేజ్ ముగింపు కూడా అదే పెట్టాలి. నేను 13 ఒక్కటే పెట్టాను. మిగిలిపోయిన 10 వెళ్లి తర్వాతి ప్యాకెట్ నంబరు ముందు కూర్చుంది. మొదటి రోజు దానికే పోయింది.

రెండో రోజు ఆపరేటరు కుర్రాడు స్క్రీన్ చూసి, “అన్నా, కవరు మీద 8901 ఉంటే నీ మిషన్ 9810 అంటోందేంటి?” అన్నాడు. 16 బిట్ల రిజిస్టర్‌లో (పీఎల్‌సీ మెమరీలో ఒక గది) రెండేసి అక్షరాలు పడతాయి, ఏది ముందో ఒక్కో పీఎల్‌సీది ఒక్కో పద్ధతి. బైట్ స్వాప్ ఇన్‌స్ట్రక్షన్ వేస్తే కుదురుకుంది. ఇంకొకటి, ఆ 13 అంకెల్ని సంఖ్యగా మార్చాలని చూడకండి. 32 బిట్లలో 429 కోట్ల చిల్లర దాటి పట్టదు. స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరసగానే పోల్చండి.

లైన్‌లో ప్రతి ప్యాకెట్‌కీ కోడ్ ఒకటే. రెండో ప్యాకెట్‌ని స్కానర్ చదివిందా, పాతదే బఫర్‌లో (వచ్చిన డేటా ఆగే చోట) ఉందా అని పీఎల్‌సీకి ఎలా తెలుస్తుంది? పోల్చిన వెంటనే బఫర్ ఖాళీ చేయండి. ప్యాకెట్ సెన్సర్ దాటినా డేటా రాకపోతే అదీ తప్పు కిందే లెక్క.

మూడో రోజు అసలు చిక్కు వైరింగ్‌లోనే లేదు. కొత్త కవర్ల మీద బార్‌కోడ్ గీతలు కూడా ఎర్ర ఇంకుతో కొట్టించారు. స్కానర్ లైటు ఎరుపు. ఆ వెలుగులో ఎర్ర గీత, తెల్ల కాగితం దానికి ఒకేలా కనపడతాయి. ప్రింటరుకి ఫోన్ చేసి గీతలు నల్లగా మార్పించారు. కవరు మెరుస్తుంటే స్కానర్‌ని నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా బిగించండి.

ఇక మిగిలింది కారం దుమ్ము. షిఫ్టుకోసారి స్కానర్ అద్దం మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడిచిన చేత్తో కళ్లు మాత్రం నలుపుకోకండి, ఆ పూట ఇంకేం చదవలేరు.