లివర్ ఆపరేషన్ తర్వాత పిత్తనాళం సమస్య: ఎన్టీఆర్ వైద్య సేవకు దరఖాస్తు విధానం

లివర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి కళ్లు పచ్చబడినా, వణుకుతో జ్వరం వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా పసరు మందు కోసం ఊళ్లు తిరగకండి. కోనసీమలో కామెర్లంటే ముందు గుర్తొచ్చేది అదే కాబట్టి ఈ మాట మొదటే చెబుతున్నాను. లివర్ నుంచి పిత్తాన్ని (పైత్యరసాన్ని) పేగులోకి తెచ్చే గొట్టం, అంటే పిత్తనాళం, ఎక్కడో కారుతుండవచ్చు, లేదా సన్నబడి పిత్తం పేగులోకి దిగకుండా ఆగిపోయి ఉండవచ్చు. చాలామందికి నోటి గుండా కెమెరా గొట్టం పంపి (ఎండోస్కోపీ), నాళం తెరిచి ఉండేలా స్టెంట్ అనే సన్నని గొట్టం వేస్తారు. అలా కుదరకపోతే చర్మం గుండా గొట్టం పెట్టి పిత్తాన్ని బయటికి తీస్తారు. కొందరికి మళ్లీ ఆపరేషన్ తప్పదు.

రైస్ కార్డు ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కోసం ముందుగా ఎక్కడో అర్జీ పెట్టుకుని ఎదురుచూడక్కర్లేదు. దరఖాస్తు ఆసుపత్రిలోనే మొదలవుతుంది. అయితే ఈ ఎండోస్కోపీ అన్ని ఆసుపత్రుల్లోనూ చేయరు. రాజోలు నుంచో నరసాపురం నుంచో బయలుదేరే ముందే 104కి ఫోన్ చేసి, ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలో (ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో) చేస్తారో కనుక్కోండి.

అక్కడ డబ్బు కట్టే కౌంటర్ కంటే ముందు, పథకం పనులు చూసే వైద్యమిత్ర డెస్క్‌కు వెళ్లండి. చాలామంది ఇంకా ఆరోగ్యమిత్ర అనే అంటారు. రైస్ కార్డు, ఆధార్, పాత డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్లు, కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ రక్త పరీక్ష రిపోర్టు చూపించండి. మీకు కావలసిన చికిత్స పథకం జాబితాలో ఉందో లేదో వాళ్లే చూసి చెబుతారు. డాక్టరు పరీక్షించాక ఆసుపత్రి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి అడుగుతుంది. ప్రాణం మీదికొస్తే ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది, ఆ మాట మీరే గుర్తు చేయండి.

స్టెంట్ దగ్గరే చాలామంది పొరబడతారు. ప్లాస్టిక్ స్టెంట్‌ను సుమారు 3 నెలలకు మార్చాలి లేదా తీసేయాలి. బాగానే ఉంది కదా అని వదిలేస్తే అది మూసుకుపోయి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం తీయగలదు. వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. మళ్లీ చేరినప్పుడు అనుమతి కూడా మళ్లీ కావాలి, కాబట్టి ఫైలంతా ఒకే సంచిలో పెట్టుకోండి.

పథకం వర్తించక చేతి డబ్బు పెట్టినవాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ అడుగుతారు. అసలు బిల్లులు ఇచ్చేముందు జిరాక్స్ తీయించి ఉంచుకోండి.